హఠాత్తుగా చచ్చిపోయిందట!

“నిన్నటి దాకా బానే ఉందన్నా. పొద్దున లేచి చూస్తే చచ్చిపోయి ఉంది.”

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. టెక్సస్‌లో మేముండే వైపు తెలుగువాళ్లు ఎక్కువ. పిల్లల పుట్టినరోజుకి కుక్కపిల్ల వద్దు, అది మొరుగుతుంది, బొచ్చు రాలుతుంది, రోజూ తిప్పాలి. ఊసరవెల్లి అయితే ఓ మూల పడి ఉంటుంది, రంగులు మారుస్తుంది, ఇంటికొచ్చినవాళ్లకి చూపించుకోవచ్చు అనుకునేవాళ్లూ ఎక్కువే. అలా కొన్నవాటిలో రెండో పుట్టినరోజు చూడనివి ఇంకా ఎక్కువ. పదకొండేళ్లుగా వీటిని పెంచుతున్నాననీ, జనం వదిలించుకున్నవాటిని తెచ్చి సాకుతున్నాననీ తెలిసి నాకు ఫోన్ చేస్తారు. చచ్చాక చేస్తారు. లేదా చచ్చే ముందు రాత్రి చేస్తారు.

నేను ఒక్కటే అడుగుతాను. పోయిన నెల తీసిన ఫోటోలు పంపండి.

పంపుతారు. అందులో కేకు ఉంటుంది, బెలూన్లు ఉంటాయి, పాప భుజం మీద ఊసరవెల్లి ఉంటుంది. దాని ముంగాళ్లు విల్లులా వంగి ఉంటాయి. పట్టపగలు, ఇరవైమంది పిల్లల గోల మధ్య, కళ్లు మూసుకుని ఉంటుంది. కింది దవడ పైదానితో కలవక ఓ పక్కకి జారి ఉంటుంది. నిన్నటి దాకా బాగుందా? మూడు నెలలుగా మీ ఇంట్లో, మీ కళ్లెదుట చస్తూ ఉంది. మీరు ఫోటో తీశారు. చూడలేదు.

పిల్లి పట్టుకుందనండి, తలుపు సందులో పడిందనండి, వింటాను. “హఠాత్తుగా” అంటే మాత్రం వినను. ఈ జంతువు విషయంలో నూటికి తొంభైసార్లు ఆ మాట, తప్పు తమది కాకుండా చేసుకోవడానికి మనుషులు కప్పుకునే దుప్పటి. ఆ దుప్పటి లాగేద్దామనే కూర్చున్నాను.

మన భాష ఊసరవెల్లికి చేసిన అన్యాయం చిన్నది కాదు. పార్టీ మారినవాడు ఊసరవెల్లి, మాట తప్పినవాడు ఊసరవెల్లి, తొండ ముదిరితే ఊసరవెల్లి. అబద్ధానికి దాని పేరు పెట్టుకున్నాం. నిజానికి అది వెనకున్న ఆకునో బెరడునో చూసి వేషం మార్చే జంతువు కాదు. దాని చర్మ కణాల్లో గ్వానిన్ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి; ఆ వరుసల మధ్య ఎడం మారితే వెలుగు వేరే రంగై తిరిగొస్తుంది. జెనీవా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2015లో ఈ కిటుకు బయటపెట్టారు. కోపానికి ఒక రంగు. చలికి ముదురు రంగు. జోడీ కావాలంటే ఒకటి, దగ్గరికి రావద్దంటే మరొకటి. మనసులో ఉన్నది ఒంటి మీద రాసుకుని తిరుగుతుంది. దాచేది ఒక్కటే. జబ్బు. అడవిలో నీరసంగా కనబడితే డేగకో పాముకో కబురు పంపినట్టే కాబట్టి, ఎముకలు గుల్లబారిపోతున్నా కొమ్మను పట్టుకుని నిలబడుతుంది. నిలబడే శక్తి ఉన్నంత సేపూ బాగున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క దాపరికాన్ని చదవడం నేర్చుకోనివాడికి దాన్ని ఇంట్లో పెట్టుకునే హక్కు లేదు. కోపం వచ్చిందా? రానివ్వండి. నా మీద కోపం పెంచుకున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, ఇంకొకరికి చోటుంది.

ముందు ఎముకల సంగతి. నా చేతికొచ్చిన శవాల్లో సగానికి పైగా దాని బాపతే.

యెమెన్ కొండల వీల్డ్ కెమీలియన్ అయినా, మడగాస్కర్ పాంథర్ కెమీలియన్ అయినా ఎండలో బతికే ప్రాణి. ఎండలో యూవీబీ అనే కిరణం ఉంటుంది. అది చర్మం మీద పడితే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. అది లేనప్పుడు రక్తంలో కాల్షియం పడిపోతుంది. కాల్షియం లేందే గుండె కొట్టుకోదు, కండరం కదలదు. అందుకని ఒళ్లు తన ఎముకల్లోంచే తోడుకోవడం మొదలుపెడుతుంది. పొయ్యి ఆరిపోకుండా ఇంటి దూలాలు పీకి కాల్చుకున్నట్టు. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, ఇల్లు కూలిపోతూ ఉంటుంది. దవడ రబ్బరులా మెత్తబడుతుంది. కాళ్లు వంగుతాయి, ఓ రోజు కొమ్మ మీద అడుగేస్తూనే విరుగుతాయి. ఇవన్నీ ఆఖరి అంకం. దీనికి మొదటి గుర్తు తరచుగా నాలుకలో కనిపిస్తుంది. తన ఒంటి పొడవును మించిన దూరానికి నాలుక విసిరి రెప్పపాటులో పురుగును లాక్కునే జంతువది. ఒకసారి గురి తప్పితే పోనీయండి. మర్నాడూ తప్పితే, నాలుక సగం దూరమే వెళ్లి ఆగితే, బయటికొచ్చింది లోపలికి పోవడానికి తడబడితే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వేళ్లు వణుకుతుంటే ఆ గంటే వెళ్లాలి. రక్తపరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. కాళ్లు వంగేదాకా ఆగితే కాల్షియం ఇంజెక్షన్లతో ప్రాణం నిలబడవచ్చేమో గానీ ఆ కాళ్లు మళ్లీ తిన్నగా రావు.

“మా ఇంట్లో ఎండ బాగా వస్తుందన్నా, కిటికీ పక్కనే పెట్టాం.”

ఈ మాటకి నా పళ్లు పటపటమంటాయి. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. మీరు దానికి ఎండ చూపించారు. ఎండ పెట్టలేదు.

“బల్బు వెలుగుతూనే ఉందన్నా.” వెలుగుతుంది. ఆ ట్యూబులోంచి కంటికి కనిపించే వెలుగు చాలాకాలం వస్తూనే ఉంటుంది. యూవీబీ మాత్రం ఆరునెలల నుంచి ఏడాది లోపు సన్నగిల్లుతుంది, అది కంటికి తెలియదు. ట్యూబు బిగించిన తేదీ దాని అంచు మీదే మార్కర్‌తో రాసుకోవాలి. మీ ఇంట్లో ఊసరవెల్లి ఉంటే ఇప్పుడే లేచి వెళ్లి చూడండి. ఆ తేదీ ఉందా? లేకపోతే ఈ వ్యాసం మీ గురించే. కిట్‌లో ఇచ్చే చిన్న చుట్టబల్బు చాలదు. పంజరం పొడవునా పరుచుకునే ట్యూబు కావాలి. పైన ఉన్న జాలీ కూడా కొంత యూవీబీని మింగేస్తుంది, కాబట్టి కూర్చునే కొమ్మ ఎంత దూరంలో ఉందో కొలవాలి. మరీ దగ్గరైతే కళ్లూ చర్మమూ పాడవుతాయి.

దానికేం తెలుసులే అనుకునేవాళ్లకి ఒకటి చెబుతాను. మా టెక్సస్‌లోనే, ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో పాంథర్ కెమీలియన్ల మీద పరిశోధన చేశారు. తిండిలో డి3 తక్కువైనవి యూవీబీ ఎక్కువ పడేచోటికి తమంత తామే వెళ్లాయి. తిండిలో అది ఎక్కువైనవి పక్కకి తప్పుకున్నాయి. 2009లో అచ్చయింది. గుప్పెడంత తలకాయ కూడా లేని ఆ ప్రాణికి తన ఒంట్లో ఏం తగ్గిందో తెలుసు. ఏం చేయాలో తెలుసు. మీరు దానికి ఆ ఎండను అందకుండా చేసి, నీడలోకి తప్పుకునే చోటు కూడా లేకుండా చేసి, దిక్కులేక కూర్చున్నదాన్ని చూసి “ఎంత బుద్ధిమంతురాలో” అంటున్నారు.

తిండి దగ్గరా ఇదే కథ. కొట్లో దొరికే కీచురాళ్లలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వాటిని తెచ్చిన డబ్బాలోంచి తీసి నేరుగా పంజరంలోకి వదిలితే, ఖాళీ సంచులు తినిపించినట్టే. ముందు ఆ పురుగులకి ఒక రోజైనా ఆకుకూరలు, క్యారెట్ పెట్టాలి. పెట్టే ముందు డి3 లేని కాల్షియం పొడి అద్దాలి. డి3 కలిసిన పొడి, మల్టీవిటమిన్ నెలకి రెండుసార్లు చాలు. ఇక్కడ కొందరు అతి తెలివి చూపిస్తారు. బలం కదా అని రోజూ అన్నీ దట్టిస్తారు. డి3 మితిమీరితే కాల్షియం వెళ్లి గుండెలోనూ మూత్రపిండాల్లోనూ గడ్డకడుతుంది. విటమిన్ ఏ తగ్గితే కనుగుడ్ల చుట్టూ వాచి కళ్లు మూసుకుపోతాయి, ఎక్కువైతే అదీ విషమే. పెరట్లో పట్టిన పురుగు మంచిదనుకుంటారు, పక్కింటివాడు లాన్‌కి ఏం కొట్టించాడో అడగరు. మిణుగురులు బల్లిజాతికి విషం. ఒక్కటి చాలు చంపడానికి.

నీళ్లు. గిన్నెలో నీళ్లు పెట్టి “తాగట్లేదన్నా” అంటారు. అది గిన్నెలో తాగే జాతి కాదు. ఆకు మీద మంచుబిందువు మెరిస్తే నాకుతుంది. పొద్దునా సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు చల్లాలి, బొట్టుబొట్టుగా కారే ఏర్పాటు చేయాలి, మధ్యలో పంజరం ఆరాలి. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి డాక్టరక్కర్లేదు, రెట్ట చూడండి. నల్లటి భాగం పక్కన తెల్లటి ముద్ద ఉంటుంది. అది తెల్లగా ఉంటే సరే. పసుపు తిరిగి నారింజరంగు అయితే ఒంట్లో నీళ్లు లేవు. అప్పటికీ పట్టించుకోకపోతే కళ్లు గుంటలు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి, కీళ్లలో యూరిక్ ఆమ్లం గడ్డకట్టి అడుగు తీసి అడుగు వేయలేదు. రెట్ట చూడటం అసహ్యమా? అయితే బొమ్మ కొనుక్కోండి.

కళ్ల గురించి ఇంకొక్కమాట, ఇది మాత్రం గోడ మీద రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగలు నిద్రపోదు. రెండు కళ్లూ చెరో దిక్కు తిప్పుతూ లోకాన్ని కాపలా కాస్తుంటుంది. పగటిపూట కళ్లు మూసుకుందంటే అది కునుకు కాదు, కేక. నోరులేని జంతువు వేసే కేక అదే.

నా మొదటి ఊసరవెల్లిని నేనే చంపాను. ఆ సంగతి చెప్పకుండా మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు.

ఆడ వీల్డ్. చిలకమ్మ అని పిలిచేవాణ్ణి. కొట్లో అమ్మినతను మగదని అమ్మాడు, మడమ దగ్గర ముల్లులాంటి బుడిపె ఉంటేనే మగదని నాకు తెలియదు. ఒక్కటే ఉంది కదా, జోడీ లేదు కదా, గుడ్ల మాటెక్కడిది అనుకున్నాను. కోడి పెట్టడం లేదా పుంజు లేకుండా? ఆడ వీల్డ్ కూడా అంతే. ఆరు నెలల వయసు రాకముందే మొదలుపెట్టగలదు. ఒక్కసారికి ఇరవై, నలభై, ఒక్కోసారి అరవై దాటి. అడవిలో అయితే చెట్టు దిగి మెత్తని తడినేల వెతుక్కుని, సొరంగం తవ్వి, లోపల పెట్టి, మళ్లీ పూడ్చి ఏమీ ఎరగనట్టు చెట్టెక్కిపోతుంది. తవ్వడానికి నేల లేకపోతే పెట్టదు. పట్టి ఉంచుకుంటుంది.

నేను కడుపునిండా తిండి పెట్టాను. రోజూ పెట్టాను. ఎంత ఎక్కువ తింటే అన్ని ఎక్కువ గుడ్లు కడుతుందని తెలియదు. వేడి కాస్త తగ్గించి తిండి రోజు విడిచి రోజు చేసుంటే ఆ భారం తగ్గేదనీ తెలియదు. ఓ వారం తిండి మానేసింది. పంజరం అడుగున అటూ ఇటూ తిరిగింది, మూలల్లో ప్లాస్టిక్‌ని గోళ్లతో గీకింది. మూడు రోజులు ఆ గీకుడు చప్పుడు నా చెవిలో పడింది. ఆడుకుంటోందనుకున్నాను. అవును, ఆడుకుంటోందనే అనుకున్నాను. తర్వాత కొమ్మ ఎక్కలేక అడుగునే కూర్చుండిపోయింది. కళ్లు మూసింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టే ఓపిక కూడా మిగల్లేదు. పోయాక పొట్ట కోసి చూస్తే నలభైయేడు గుడ్లు. వాటి పెంకుల కోసం కూడా ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తోడిచ్చింది.

అడుగు లోతున తడి ఇసుక నింపిన ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టి ఉంటే బతికేది. పది డాలర్ల తొట్టి. పెట్టి, గుడ్డ కప్పి, అది తవ్వుతున్నంతసేపూ ఎవరూ అటు తొంగిచూడకుండా ఉంటే చాలు. మనిషి కనబడితే పని ఆపేసి గుడ్లు మళ్లీ బిగబట్టేస్తుంది.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆడ వీల్డ్ గురించి ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న ఇదే: తొట్టి ఉందా? పదిమందిలో తొమ్మిదిమంది “ఏం తొట్టి?” అంటారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. అమ్మేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పనివాడి మీద వస్తుంది. చెబితే అమ్మకం పోతుందని వాడి భయం. ప్రాణి ఖరీదు కన్నా దానికి అమర్చాల్సిన ఇంటి ఖరీదు ఎన్నో రెట్లని చెబితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడని భయం. అందుకే గాజుతొట్టె, చుట్టబల్బు, కీచురాళ్ల డబ్బా, నవ్వుమొహం, అన్నీ కలిపి సంచిలో పెట్టి ఇస్తాడు. మూడు నెలలకి అది చస్తుంది, మీరు మళ్లీ వస్తారు. వాడి వ్యాపారం ఆ చావు మీదే నడుస్తోంది. ఈ మాట రాస్తే కొట్లవాళ్లకి నొప్పి. నొప్పి పుట్టాలనే రాస్తున్నాను.

మిగతావి గబగబా చెబుతాను, చిన్నవని కాదు, కనిపెట్టడం తేలికని. తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంటే, నోట్లో జిగురు తీగలా సాగుతుంటే అది ఊపిరితిత్తుల జబ్బు. బల్బు కింద వేడెక్కినప్పుడు నోరు తెరవడం మామూలే. చల్లటి చోట తెరిస్తే మామూలు కాదు. గాలాడని గాజుతొట్టెలో రాత్రంతా తడి నిలిస్తే ఇదే జరుగుతుంది, అందుకే గాలి ఆడే పంజరం అనేది. దవడ అంచున వాపు, జున్నులాంటి చీము కనిపిస్తే నోరు కుళ్లుతోంది. వీపు మీద, నెత్తిమీది శిఖ మీద చర్మం తెల్లబడి పొక్కితే వేడిబల్బు కాల్చింది; ఒళ్లు కాలుతున్నా తప్పుకోవాలని దానికి వెంటనే తెలియదు, కాబట్టి ఆ బల్బు పంజరం లోపల ఉండకూడదు. తింటూనే చిక్కిపోతుంటే, రెట్ట కంపు కొడుతుంటే కడుపులో పరాన్నజీవులు. కొత్తది తెచ్చిన వారంలోనే రెట్ట పరీక్ష చేయించాలి, ఒక దాని ఎదురుగా ఇంకొకటి కనబడేలా ఎప్పుడూ పెట్టకూడదు. ఒంటరి జంతువది. ఎదుట శత్రువు కనిపిస్తూ ఉంటే, రోజుకి పదిమంది చేతులు మారుతూ ఉంటే, ఆ బెదురే దాని రోగనిరోధక శక్తిని తినేస్తుంది. మీరు పార్టీలో చూసి మురిసిపోయిన ఆ మిరుమిట్లు గొలిపే రంగులు ఆనందం కాదు. భయం. కొమ్మ మీద ప్రశాంతంగా ఉన్నప్పుడు దాని రంగు చాలా సాదా.

వంటింట్లో పిండి తూచే డిజిటల్ తూకం ఉందా? వారానికొకసారి దాని మీదొక కర్ర పెట్టి, దాన్ని ఎక్కించి, గ్రాములు రాసుకోండి. కంటికి కనబడకముందే జబ్బు ఆ అంకెల్లో కనబడుతుంది. ఇంతకన్నా చవకైన పరీక్ష లోకంలో లేదు. ఇది కూడా చేయలేనంత తీరికలేనివాళ్లు ప్రాణిని ఎందుకు కొన్నారో నాకు చెప్పాలి. నిజంగా చెప్పాలి.

డాక్టర్ మాట ఎత్తగానే వినబడే జవాబులు నాకు కంఠతా వచ్చు. “యాభై డాలర్ల బల్లికి మూడొందలు పెట్టాలా?” పెట్టాలి. కొన్నప్పుడు దాని ధర ఇచ్చారు, దాని ప్రాణానికి పూచీ కూడా అప్పుడే తీసుకున్నారు. “వీకెండ్ దాకా చూద్దాం.” మీ జ్వరానికి మీరు వీకెండ్ దాకా ఆగారా? “వాట్సాప్‌లో ఎవరో పసుపు పెట్టమన్నారు, తేనె నాకించమన్నారు, మనుషుల యాంటిబయాటిక్ పావు మాత్ర నూరి పోయమన్నారు.” అదుగో, చావును దగ్గర చేసేది ఇదే. నీళ్లు లేక ఎండిపోయిన ఒంట్లోకి కొన్ని యాంటిబయాటిక్‌లు పంపితే మూత్రపిండాలు అక్కడికక్కడే ఆగిపోతాయి. నీరసపడ్డ నోట్లోకి సిరంజితో తిండి బలవంతంగా కొడితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుక్కల డాక్టర్లందరికీ ఈ విద్య రాదు, అది వాళ్ల తప్పూ కాదు. సరీసృపాలకీ ఉభయచరాలకీ వైద్యం చేసే డాక్టర్ల సంఘం (ARAV) ఒకటి ఉంది, తమ సభ్యుల జాబితా అందరికీ అందుబాటులో పెట్టింది. జంతువును కొనకముందు మీ ఊరికి దగ్గర్లో అలాంటి డాక్టర్ ఉన్నాడో లేడో చూసుకోవాలి. లేకపోతే కొనకూడదు. ఇందులో బేరాల్లేవు.

పోయిన వేసవిలో హైదరాబాద్ వెళ్లాను. కొండాపూర్‌లో దగ్గరి బంధువుల ఫ్లాటు. హాల్లో గాజుతొట్టె, అందులో కుర్ర వీల్డ్. బయట నలభై రెండు డిగ్రీలు, లోపల ఏసీ పద్దెనిమిదిలో. యూవీబీ లేదు. కీచురాళ్లు దొరకట్లేదని పిండిపురుగులు మాత్రమే పెడుతున్నారు. కాళ్లు అప్పటికే వంకర. “బావా, రంగులు మార్చట్లేదు, ఏమన్నా మందుందా?” అని అడిగాడు ఆ ఇంటి కుర్రాడు. రంగులకి మందు! నేను గొంతు పెంచాను, వాళ్లమ్మ నొచ్చుకుంది, భోజనం చేయకుండా వచ్చేశాను. మర్నాడు పశువైద్యుడి కోసం ఊరంతా ఫోన్లు చేశాం. గేదెను చూస్తాం, కుక్కను చూస్తాం, దీన్ని మేం చూడలేం అన్నవాళ్లు నిజాయితీపరులు. చూస్తామన్న ఒకాయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

ఇంకో సంగతి. వీల్డ్, పాంథర్ రెండూ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో మన వన్యప్రాణి రక్షణ చట్టాన్ని సవరించి, ఇలాంటి విదేశీ జీవుల్ని పెట్టుకున్నవాళ్లు నమోదు చేయించుకోవాలన్నారు. 2024 నియమాలతో కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో ఆ నమోదు పెట్టారు. ఆ కుర్రాణ్ణి అడిగితే “అమ్మినతను పేపర్లున్నాయన్నాడు బావా” అన్నాడు. చూశావా అన్నాను. చూడలేదు. కాగితం లేని ప్రాణికి జబ్బు చేస్తే ఏమవుతుందో తెలుసా? పట్టుబడతామని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరు. దొంగసరుకు దొంగతనంగానే చస్తుంది.

మనకి సొంత ఊసరవెల్లి ఉంది. చింతచెట్ల మీద, తుమ్మల మీద, చేలగట్ల పొదల్లో ఉండే మన దేశపు ఊసరవెల్లి. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని కాపాడుతోంది. పట్టుకోవడం నేరం, పెంచడం నేరం, అమ్మడం నేరం. చిన్నప్పుడు తొండకీ దీనికీ తేడా తెలియని మనం విషపురుగని రాళ్లేసి కొట్టాం, మెడకి దారం కట్టి ఆడించాం. దానిలో చుక్క విషం లేదు. ఇప్పుడు అదే పిల్లలు పెద్దవాళ్లై, పల్లెల్లో పట్టించి తెప్పించి గాజుపెట్టెలో పెడుతున్నారు. గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి రోడ్డు దాటే ఆడదాన్ని “దొరికింది” అని జేబులో వేసుకొచ్చేవాడు ఆ ఒక్కదాన్నే కాదు, దాని కడుపులోని పిల్లలన్నిటినీ మోసుకొస్తున్నాడు. ఇది ప్రేమ అని నాతో అనకండి. ఊరుకోను.

కాళ్లు వంకరపోయిన ఆ కొండాపూర్ వీల్డ్ ఆగస్టులో పోయిందట. మెసేజ్ పెట్టారు. ఏ మాట వాడారో మీరే ఊహించుకోండి.

పోయిన మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. మా వీధికి రెండు వీధుల అవతల ఉండే పన్నెండేళ్ల పిల్ల. స్కూల్ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, రొప్పుతోంది.

“అంకుల్, ఇవాళ దాని నాలుక పురుగు దాకా వెళ్లలేదు. నిన్న కూడా ఒకసారి వెళ్లలేదు. నేను నోట్‌బుక్‌లో రాశాను. మూడు గ్రాములు కూడా తగ్గింది. నాన్నకి చెప్తే శనివారం చూద్దాంలే అన్నారు.”

“నాన్నకి ఫోనివ్వు తల్లీ” అన్నాను.